సముద్రం అడగని ప్రశ్నలు

వచ్చే ఏడాది ఐదు రోజులపాటు సముద్రపు ఒడ్డున నడవబోతున్నానని చెప్పిన దగ్గర్నుంచీ నాకు ఎదురైన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మీ ఆయన ఒప్పుకున్నాడా? పాపని ఎవరు చూసుకుంటారు? మగదిక్కు ఎవరైనా ఉన్నారా? రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారు, ఎవరి పక్కన? మా డిపార్ట్‌మెంటులో ఒక పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి ‘ఇంతకీ ఇది రీసెర్చా, షికారా?’ అన్నారు. అడిగినవాళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు. స్త్రీవాద సభల్లో నా పక్క కుర్చీలో కూచున్నవాళ్ళూ ఉన్నారు. దారిలో నదులున్నాయా, పోటు ఎప్పుడొస్తుంది, కాలు బెణికితే బయటికి వచ్చే దారేది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అవి ప్రాణానికి సంబంధించిన ప్రశ్నలు. వాళ్ళు అడిగినవి అనుమతికి సంబంధించినవి. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి, పైన ‘ఆడవాళ్ళ భద్రత’ అని చీటీ అంటించడం మీదే నా తగువంతా.

నేను నడవాలనుకుంటున్నది దక్షిణాఫ్రికాలోని ఆటర్ ట్రయిల్. డర్బన్‌లో తెలుగు ఒప్పంద కూలీల సంతతివారి ఇళ్ళలో మిగిలిన పాటల మీద పనిచేస్తున్నాను కాబట్టి ఎలాగూ ఆ దేశం వెళ్ళాలి. డర్బన్‌కి ఈ చోటు దగ్గరేం కాదు, ఒకే దేశంలో ఉందన్న వంకతో కలిపేసుకున్నాను. సిట్సికామా తీరంలో స్టార్మ్స్ రివర్ మౌత్ దగ్గర మొదలై పడమటగా నేచర్స్ వ్యాలీ దాకా సుమారు 45 కిలోమీటర్లు. ఐదు పగళ్ళు, నాలుగు రాత్రులు. ఒక పక్క అడవి కొండ, ఇంకో పక్క హిందూ మహాసముద్రం, మధ్యలో బండరాళ్ళు. రోజుకి 12 మందినే వదులుతారు. రాత్రి ఆగే ప్రతి చోటా రెండు చెక్క క్యాబిన్లు, ఒక్కోదాంట్లో ఆరు పడకలు. కరెంటు లేదు. బియ్యం, పప్పు, పొయ్యి, పక్కబట్టలు అన్నీ వీపు మీద మోసుకెళ్ళాలి. చెత్త కూడా వెనక్కి మోసుకురావాలి. బహిష్టు రోజులు అందులో పడితే ఆ గుడ్డలూ ప్యాడ్లూ కూడా మన సంచిలోనే. ఇది రాయడానికి నాకేం మొహమాటం లేదు. నడక గురించి మగవాళ్ళు రాసిన సామాన్ల జాబితాలు చాలా చదివాను, వాటిలో చాకు ఉంటుంది, తాడు ఉంటుంది, ఇది ఉండదు.

ముందు ఆ పడకల సంగతి తేల్చేద్దాం. ఎందుకంటే మా ఇంట్లో అందరికంటే ఎక్కువ గొడవ దాని మీదే జరిగింది. ‘ముక్కూ మొహం తెలియని మగవాళ్ళతో ఒకే గదిలోనా?’ అంది మా అత్తయ్య. విశాఖపట్నం నించి హైదరాబాదుకి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నేను ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. స్లీపర్ బోగీలో 72 బెర్తులు. ఎదురు బెర్తు మీద ఎవరో పెద్దమనిషి లుంగీ కట్టుకుని గురకపెడుతుంటాడు, చేయి చాపితే తగిలేంత దూరంలో. పసిపిల్లతో, ఒంటరిగా, ఆ బెర్తు మీద నన్ను ఎక్కించి చేయి ఊపింది ఈ అత్తయ్యే. అప్పుడు 71 మంది అపరిచితులు ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు 11 మంది కనపడుతున్నారు. తేడా ఎక్కడుంది? ఆ రైలు నన్ను అత్తవారింటికి చేరుస్తుంది. ఈ నడక ఎవరింటికీ చేర్చదు.

దీన్ని నాకంటే బాగా మా పిన్ని జీవితం చెబుతుంది. ఆమెకి 58 ఏళ్ళు, ఉండేది విశాఖలో. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఏళ్ళ తరబడి చేస్తోంది. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు, రాత్రంతా, వేల మంది మధ్య, చాలామంది లాగే చెప్పుల్లేకుండా. పిన్ని ఆ రాత్రి ఎవరితో నడిచిందో మా బాబాయి ఒక్కసారి కూడా అడగలేదు. తెల్లారి కాళ్ళకి వేణ్ణీళ్ళు కూడా ఎవరూ పెట్టలేదనుకోండి, అది వేరే సంగతి. ఒక్క రాత్రిలో 32 కిలోమీటర్లు నడిచిన మనిషి ఐదు రోజుల్లో 45 నడుస్తానంటే మాత్రం ఇంట్లో వాళ్ళకి ఆమె మోకాళ్ళు గుర్తొచ్చాయి, బీపీ గుర్తొచ్చింది, వయసు గుర్తొచ్చింది. ఆడదాని నడకకి మన సమాజం ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. దేవుడి కోసం నడవొచ్చు, బిందె మోస్తూ నీళ్ళ కోసం నడవొచ్చు, పిల్లల స్కూలు దాకా నడవొచ్చు. నడిచిన నడక ఎవరి ఖాతాలోనూ పడకపోతేనే కాళ్ళు నొప్పులు పుడతాయి, మనవి కాదు, చూసేవాళ్ళవి.

ఇక భద్రత. బయట ఏ ప్రమాదమూ లేదని నేను అనను. దక్షిణాఫ్రికాలోనూ మన దేశంలోనూ స్త్రీల మీద హింస ఎంత ఉందో తెలియనంత అమాయకత్వం నాకు లేదు. కానీ మన జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కల్లో స్త్రీల మీద నమోదైన నేరాల్లో అన్నిటికంటే పెద్ద వాటా, సుమారు 31 శాతం, భర్తా అతని బంధువులూ పెట్టే హింసది. ఆ లెక్క చూపించి ‘అమ్మాయ్, ఇంట్లో ఉండకు, ప్రమాదం’ అని ఎవరైనా చెప్పగా విన్నారా? శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి వీధుల గురించి 2011లో తెచ్చిన ‘వై లాయిటర్?’ పుస్తకంలో సరిగ్గా ఈ పీటముడి మీదే చేయి వేశారు. స్త్రీలకి కావలసింది కాపలా కాదు, పనేం లేకుండా బయట ఉండే హక్కూ, అందులో ఉన్న ప్రమాదాన్ని తామే బేరీజు వేసుకునే హక్కూ అని వాళ్ళ వాదం. నగరం కూడలిలో ఆ మాట ఎంత నిజమో సముద్రపు ఒడ్డునా అంతే నిజం.

బేరీజు వేసుకోవడం అంటే ఏమిటో ఈ దారి చాలా స్పష్టంగా నేర్పుతుంది. నాలుగో రోజు నడక అన్నిటికంటే పొడవు, సుమారు 14 కిలోమీటర్లు. అందులో పదో కిలోమీటరు దగ్గర బ్లౌక్రాన్స్ అనే నది సముద్రంలో కలుస్తుంది. వంతెన లేదు. ఆటు బాగా తీసిన సమయానికి అక్కడ ఉంటే నడుము లోతులోనో, అదృష్టముంటే మోకాటి లోతులోనో దాటొచ్చు. ఆలస్యమైతే సంచుల్ని నీళ్ళు చొరని కవర్లలో కట్టి ఈదాలి. కెరటాలు పెద్దవైతే అదీ కుదరదు, కొండెక్కి తప్పించుకునే దారి పట్టాలి, నడక అక్కడితో ముగిసినట్టే. కాబట్టి మొత్తం ప్రయాణాన్ని ఆ ఒక్క గంట చుట్టూ కట్టాలి. నాలుగో రోజు ఏ తేదీన పడితే ఆటు ఏ వేళకి తీస్తుందో చూసి, అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టి మొదటి రోజు నిర్ణయించాలి.

నేను పట్టికలు ముందేసుకుని తంటాలు పడుతుంటే పిన్ని ఫోన్‌లో ‘తిథి చెప్పవే’ అంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఆ తీరంలో పొద్దుటి ఆటు పది ప్రాంతంలో తీస్తుంది. అంటే చీకట్లో నాలుగింటికే బయల్దేరాలి. తర్వాత రోజుకి ముప్పావుగంట చొప్పున వెనక్కి జరుగుతూ పోతుంది. అష్టమి వచ్చేసరికి సాయంత్రం దగ్గర పడుతుంది, పైగా అప్పుడు నీళ్ళు అంతగా తగ్గవు. ‘అయితే తదియో చవితో చూసుకోండి, పన్నెండుకి దాటేస్తాం’ అంది. నలభై ఏళ్ళుగా ఇంట్లో ఎవరి ఆబ్దికం ఏ తిథినో, ఏ ఏకాదశి ఎప్పుడో గుర్తుపెట్టుకోవడమే ఆమె ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. ఆ చాకిరీ నేర్పిన లెక్క సముద్రానికి పనికొచ్చింది. అయితే పౌర్ణమి తర్వాతి చవితి అంటే సంకష్టహర చతుర్థి, పిన్ని ఉపవాసం. కాసేపు ఆలోచించి, ‘ఈసారికి వినాయకుడే సర్దుకుంటాడులే’ అంది.

తిథి దొరికింది కానీ తేదీ దొరకలేదు. ఈ దారికి దాదాపు ఏడాది ముందే పడకలు అయిపోతాయి. ఏడాది తర్వాత ఫలానా ఐదు రోజులు నావి అని ఇప్పుడే చెప్పగలిగిన స్త్రీ ఎవరు? పిన్ని కోడలికి నెలలు నిండుతాయేమో, బాబాయి అక్కయ్య ఆస్పత్రిలో ఉంటుందేమో, నా కూతురి పరీక్షలేమో. మా ఆయనకి ఈ ఇబ్బంది ఎన్నడూ లేదు. ఆయన మంచివాడే, ఆయన వెళ్తే ఇల్లు ఆగదు, అంతే. కేంద్ర ప్రభుత్వపు 2024 కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు వాటి మీద పెట్టింది రోజుకి 289 నిమిషాలు, పాల్గొన్న మగవాళ్ళు 88. ఐదు రోజులకి లెక్కేస్తే ఒక స్త్రీ 24 గంటలకి పైగా ఎవరికో అప్పజెప్పి కదలాలి. ఆ ఎవరో కూడా సాధారణంగా ఇంకో స్త్రీయే. సొంత గది కావాలని వర్జీనియా ఊల్ఫ్ 1929లోనే అడిగింది. నాకు సొంత తేదీ కావాలి.

ఇక్కడొక స్నేహితురాలు అడ్డు తగిలింది, కోపంగానే. ‘ఇవన్నీ డబ్బున్న ఆడవాళ్ళ సరదాలు. భీమిలి ఒడ్డున చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి ఏం చెబుతావు?’ అంది. డబ్బు సంగతి నిజం. విమానం ఛార్జీలకి నా రెండేళ్ళ పొదుపు పోతుంది. కానీ ఆ గంప మోసే స్త్రీని నా నోరు మూయించడానికి వాడుకోవడం నాకు నచ్చలేదు. తెల్లవారకముందే ఒంటరిగా ఒడ్డుకి వెళ్ళే ఆమె భద్రత గురించి మా అత్తయ్య గాని, ఆ పెద్దాయన గాని ఎప్పుడైనా బెంగపడ్డారా? భద్రత అనే మాటకి కులముంది. ఎవరి శీలం ఇంటి ఆస్తి అనుకుంటామో వాళ్ళకే అది వర్తిస్తుంది. ఆమెకి తీరిక లేకుండా చేసిన వ్యవస్థా నాకు తీరిక తప్పని చెప్పే వ్యవస్థా వేరువేరు అని నేననుకోను.

అసలు ఆ దారి ఎవరికోసం వేశారన్నది మాత్రం అడగవలసిన ప్రశ్న. ఆటర్ ట్రయిల్ తెరిచింది 1968లో, వర్ణవివక్ష ముమ్మరంగా ఉన్న రోజుల్లో. పార్కుల్నీ బీచ్‌ల్నీ రంగుని బట్టి పంచిన 1953 నాటి చట్టం 1990లో గాని రద్దు కాలేదు. మాతో రానున్న డర్బన్ స్నేహితురాలు తెలుగు కూలీల నాలుగో తరం మనిషి. 1860లో మద్రాసు నించి మొదటి ఓడ వెళ్ళిన తర్వాత, అయిదేళ్ళ ఒప్పందం మీద చెరకు తోటల్లో పడ్డ స్త్రీలకి యజమాని చీటీ లేకుండా ఎస్టేటు దాటే వీల్లేదు. వాళ్ళ అమ్మ కాలంలో తెల్లవాళ్ళ బీచ్‌లో కాలు పెట్టే వీల్లేదు. ‘నాకు అది అందమైన చోటు కాదు, బాకీ ఉన్న చోటు’ అంటుంది ఆవిడ. ఆవిడ మొదటి చెయ్యి ఎత్తకపోతే నేను ఈ ప్రయాణం తలపెట్టేదాన్ని కాదేమో.

మొత్తం నలుగురం తేలాం. నాలుగు పడకలకీ డబ్బు కట్టేశాం. పిన్ని వాటా ఆమె చీటీ పాట డబ్బు. మిగిలిన పెద్ద చిక్కల్లా పిన్నికి ఈత రాకపోవడం. పదినెలలు టైముంది. కాలనీ దగ్గరి ఈతకొలనులో ఆడవాళ్ళకి విడిగా ఇచ్చింది మధ్యాహ్నం పన్నెండు నించి ఒంటిగంట, సరిగ్గా ఇంట్లో అన్నాలు పెట్టే వేళ. ఆ గంటని పొద్దున ఆరింటికి మార్చమని పిన్ని అర్జీ రాసి సంతకాలు పెట్టిస్తోంది. మొన్నటికి పదకొండు వచ్చాయట.