నేలలోని కర్బనాన్ని కొలిచేదెట్లా?

రైతు చేతికి వచ్చే సాయిల్ హెల్త్ కార్డులో సేంద్రియ కర్బనానికి ఒక గడి ఉంటుంది. అందులోని అంకె 0.5 శాతానికి లోబడితే నేల బీదదని, 0.75 దాటితే సారవంతమని, నడుమ ఉంటే మధ్యరకమని మన ప్రయోగశాలల లెక్క. నత్రజని ఎరువు ఎంత వేయాలో చాలాచోట్ల ఈ అంకెను చూసే చెబుతారు. ఇంతకూ అది ఎట్లా పుడుతుంది?

మన దేశంలో విరివిగా వాడేది వాక్‌లీ, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1934లో ప్రకటించిన పద్ధతి. 1 గ్రాము మెత్తని మట్టిపై 10 మిల్లీలీటర్ల పొటాషియం డైక్రోమేటు ద్రావణం, ఆపై 20 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం పోస్తారు. పొయ్యి అక్కరలేదు, ఆమ్లం నీటితో కలిసినప్పుడు పుట్టే వేడియే చాలును. అరగంటలో డైక్రోమేటు కర్బనాన్ని దహిస్తూ తాను కొంత ఖర్చవుతుంది. మిగిలినదానిని ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటుతో అంశమాపనం చేస్తారు. ముదురు ఊదారంగు ఒక్క బొట్టుతో ఆకుపచ్చగా మారే క్షణాన్ని పట్టుకోవడమే అక్కడి నేర్పు. మట్టి వేయని ఫ్లాస్కుతో పోల్చి, ఖర్చయినదెంతో తీసివేతతో తెలుసుకుంటారు. అనగా కర్బనాన్ని ఎవరూ నేరుగా తూచరు.

చిక్కంతా ఇక్కడే. ఆ వేడికి కర్బనమంతా దహనం కాదు. సగటున 77 శాతమే. అందుచేత ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. గుణించడం మరచితే 0.6 శాతమున్న నేల 0.46గా కనబడి, మధ్యరకం కాస్తా బీదనేలల్లో చేరుతుంది. పైగా ఆ సగటు అన్ని నేలలకూ ఒప్పదు. బొగ్గు తునకలు సరిగా దహించవు. ఉప్పునేలల్లోనైతే క్లోరైడు కూడా డైక్రోమేటును తినివేసి లేని కర్బనాన్ని చూపుతుంది.

మట్టిని ఆక్సిజన్‌లో 900 డిగ్రీలకు పైగా కాల్చి, వెలువడే బొగ్గుపులుసు వాయువును కొలిచే యంత్రాలు ఇంతకంటె కచ్చితమైనవి. అయితే యంత్రానికి సున్నపురాయి, కుళ్ళిన ఆకు రెండూ ఒకటే. దక్కను నల్లరేగళ్ళలో సున్నపు గులకలు తరచు ఉంటాయి. ముందుగా ఆమ్లంతో సున్నాన్ని పోగొట్టకపోతే బీదనేల సైతం సారవంతమైనదిగా తేలుతుంది. పాతపద్ధతి సున్నాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆ ఒక్క గుణానికే దానిని మెచ్చుకోవచ్చును. దానిలోని క్రోమియం మాత్రం విషం, కాలువలోకి వదలదగినది కాదు.

నేలలో కర్బనం పెంచిన రైతుకు కర్బన క్రెడిట్ల రూపంలో సొమ్ము ముట్టజెప్పే ఏర్పాట్లు ఇప్పుడు వస్తున్నాయి. ఒక ఏడు ఫ్లాస్కుతో, మరొక ఏడు యంత్రంతో కొలిచి, ఆ తేడాను లాభంగా చూపితే పెరిగినది కర్బనమో, మారినది పద్ధతో చెప్పలేము. అంకెతోపాటు పద్ధతి పేరును, గుణకం వేసినదీ లేనిదీ కార్డుపై అచ్చువేయడానికి ఒక్క వరుస చాలును.