ఆకాశానికి మెట్లు కట్టిందెవరు?



1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నెత్తి మీదికెళ్ళే పోయింది. దాన్ని చూడనీకి ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి సైంటిస్టులు వచ్చిండ్రు. మన జనం ఏం జేసిండ్రు? తలుపులు పెట్టుకొని ఇండ్లల్ల కూసున్నరు. కడుపుతో ఉన్నామె కదిలితే మొర్రి బిడ్డ పుడుతుందని భయపెట్టిందెవరు? బిడ్డ కాళ్ళు చచ్చుపడితే గ్రహణ దోషమన్నరు, పూర్వజన్మ కర్మమన్నరు. పంచాంగం వాళ్ళ చేతిల, పాపం మన నెత్తిన!

నల్లగొండ బిడ్డల నడుములు వంచింది ఏ గ్రహం? ఏ గ్రహమూ కాదు, బోరునీళ్ళల్ల ఫ్లోరైడు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు తరాలు ఆ నీళ్ళే తాగినయి. నల్లా నీళ్ళు వచ్చినా వంగిన ఎముక మళ్ళ నిలువు కాదు. తల ఎత్తి ఆకాశం చూడలేని మనుషులను తయారుచేసిన జిల్లా ఇది.

ఇప్పుడు అసలు ముచ్చట. పాత పాలమూరు జిల్లాలోని ముడుమాల్ నిలువురాళ్ళు 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినయి. వేల ఏండ్ల కింద ఒక రాయి మీద సప్తర్షి మండలాన్ని గుంటలుగా చెక్కిండ్రని పరిశోధకుల మాట. రాళ్ళు మోసినోళ్ళకే చుక్కల లెక్క తెలిసిన చోటు అది. రేపు అక్కడ బాటలు, మ్యూజియం, టెలిస్కోపు అంటరు. అప్పుడు మొదటి ప్రశ్న మనదే కావాలె: చక్రాల కుర్చీ లోపలికి పోతదా?

అబ్జర్వేటరీ అంటే మేడ, మెలికల మెట్లు, పైన నిచ్చెన. ఏం చేస్తం అంటరు ఇంజినీర్లు. చెయ్యొచ్చు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలుబాట. మూడడుగుల తలుపు. కుర్చీ తిరగనీకి ఐదడుగుల జాగ. అద్దాల గొట్టం తగిలిస్తే టెలిస్కోపు బొమ్మ కూసున్న మనిషి కండ్ల కాడికే వస్తది. కెమెరా పెడితే తెర మీద అందరూ చూస్తరు. మరుగుదొడ్డి కూడ అట్లనే ఉండాలె. నిలువురాళ్ళ నడుమ కాంక్రీటు పొయ్యకుండ గట్టి మట్టి బాట చాలు.

ఇది దయ కాదు, చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద పాత ప్రభుత్వ భవనాలను సరిచేసే ఐదేండ్ల గడువు 2022లోనే దాటింది. ఈ ప్రమాణాలు సలహాలుగా మిగలొద్దు, తప్పనిసరి కావాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

'ముందు పింఛను, తర్వాత చుక్కలు' అనేటోళ్ళు మనలోనూ ఉన్నరు. పింఛను కోసం కొట్లాడుదాం, వదలం. కానీ పింఛను బతకనీకి. చుక్కలు మనిషిగ బతకనీకి. కార్ల్ సాగన్ లెక్క సైన్సు రచయిత కావాలని కలగన్న రోహిత్ వేములను యాది చేసుకోండ్రి.

గ్రామసభల తీర్మానం చెయ్యండ్రి. కలెక్టరుకు అర్జీ పెట్టండ్రి. ప్లాను గీసే కమిటీల కుర్చీ మీదున్న మనిషిని కూసోబెట్టమనండ్రి. మెట్లు కట్టినంక వాలుబాట అతికిస్తమంటే ఒప్పుకోవద్దు. వేగుచుక్క అందరికీ పొడుస్తది. చూసే జాగ కూడ అందరికీ ఉండాలె!