ఖతార్ జనాభాలో కోరుట్ల

ఒలింపిక్స్ ముగిసిన ప్రతిసారీ పత్రికలు ఒక సరదా పట్టిక వేస్తాయి: తలసరి పతకాలు. చిన్న దేశాలు అందులో పైకెక్కుతాయి, మనం అడుగున మిగులుతాం. టోక్యో క్రీడల తర్వాత ఖతార్‌ను ఆ పట్టికలో చేర్చినవాళ్లు మూడు పతకాలను సుమారు 28 లక్షల జనాభాతో భాగించారు. ఆ జనాభాలో ఖతార్ పౌరులు మహా అయితే మూడు నాలుగు లక్షలు. మిగతావాళ్లలో అత్యధికులు పనికోసం వచ్చినవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి ‘దుబాయి పోయిన’వాళ్లూ అందులోనే ఉన్నారు (మా వైపు మస్కటైనా, దోహా అయినా దుబాయే). అంటే లెక్కలో గీత కింది సంఖ్యలో మనవాడున్నాడు, గీత పైన లేడు. ఖతార్ క్రీడాచరిత్రను జగిత్యాలలో కూర్చుని చదివితే ముందుగా కళ్లబడేది ఇదే.

చరిత్ర పొట్టిదే. 1984 లాస్ ఏంజెలెస్‌తో ఒలింపిక్స్‌లోకి వచ్చారు. ఆసియా క్రీడల్లో ఒలింపిక్ పతకం కంటే ముందే వెలిగారు: 1986, 1990, 1994 మూడుసార్లూ వంద మీటర్ల స్వర్ణం తలాల్ మన్సూర్‌దే. 1992 బార్సిలోనాలో 1500 మీటర్ల పరుగులో మహమ్మద్ సులేమాన్ కాంస్యంతో ఒలింపిక్ ఖాతా తెరిచాడు. ఆ తర్వాత కథ మలుపు తిరిగింది. 2000 సిడ్నీలో కాంస్యం ఎత్తిన వెయిట్‌లిఫ్టర్ సయీద్ సైఫ్ అసద్ అసలు పేరు ఏంజెల్ పోపోవ్, అసలు దేశం బల్గేరియా. డబ్బు చెల్లించి ఎనిమిది మంది బల్గేరియా లిఫ్టర్లను ఒక్క విడతలో తెచ్చుకున్నారు. 2003లో కెన్యా రన్నర్ స్టీఫెన్ చెరోనో సైఫ్ సయీద్ షహీన్‌గా మారి, కొద్ది వారాలకే పారిస్‌లో స్టీపుల్‌చేజ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కెన్యా అభ్యంతరం మానకపోవడంతో మరుసటి ఏడు ఏథెన్స్ ఒలింపిక్స్‌కు మాత్రం వెళ్లలేకపోయాడు. పక్కనున్న బహ్రెయిన్‌దీ ఇదే దారి. 2016లో రూత్ జెబెత్, 2024లో విన్‌ఫ్రెడ్ యావీ తెచ్చిన స్టీపుల్‌చేజ్ స్వర్ణాలు కెన్యాలో పుట్టిన కాళ్లవి.

పారిస్ 2024 దాకా ఖతార్ ఒలింపిక్ పతకాలు తొమ్మిది. నాలుగు ఒక్క ముతాజ్ బార్షిమ్‌వే. టోక్యోలో హైజంప్ స్వర్ణాన్ని ఇటలీ ఆటగాడు తంబేరితో పంచుకున్నది ఇతనే. ఒకటి షూటర్ నాసర్ అల్ అతియాది. ఈ ఇద్దరూ దోహాలోనే పుట్టారు. మిగిలిన నాలుగింటి వెనుక సోమాలియా, బల్గేరియా, ఈజిప్టు, సెనెగల్, గాంబియా మూలాలున్నాయి.

దీన్ని ‘పతకాలు కొనుక్కున్నారు’ అని వెక్కిరించడం తేలిక. నాకు ఆ వెక్కిరింత నచ్చదు. పోపోవ్ చేసిందీ వలసే, కోరుట్ల మేస్త్రీ చేసిందీ వలసే. ఇద్దరూ ఒళ్లు తాకట్టు పెట్టే వెళ్లారు. తేడా కాగితాల్లో ఉంది. 2005 నాటి ఖతార్ పౌరసత్వ చట్టం మామూలు పరదేశికి పెట్టిన షరతు పాతికేళ్ల నివాసం, దానిపైన అరబ్బీ భాష. ఆటగాడి విషయంలో మాత్రం ఇలాంటి గడువు అడ్డు రాలేదు. అంటే తలుపు ఉంది, తెరవడమూ వచ్చు. ఎవరికి తెరవాలన్నదే ప్రశ్న.

బార్షిమ్ కథ ఇంకాస్త లోతుగా చూడాలి. అతని కుటుంబం సూడాన్ నుంచి వచ్చింది. తండ్రి కూడా అథ్లెట్. టోక్యోలో బరువులెత్తి స్వర్ణం గెలిచిన ఫారిస్ ఇబ్రహీం తండ్రి ఈజిప్టు తరఫున ఒలింపిక్స్ ఆడి, తర్వాత కోచ్ అయినవాడు. కుటుంబాలు వెంట ఉన్నాయి గనుక పిల్లలు అక్కడి మైదానాల్లో పెరిగారు. మనవాడికి ఆ అవకాశమే లేదు. 2021లో ఖతార్ అమల్లోకి తెచ్చిన కనీస వేతనం నెలకు వెయ్యి రియాళ్లు. ఫ్యామిలీ వీసా కావాలంటే జీతం దానికి ఎన్నో రెట్లుండాలి. అందుకే ఇరవై ఏళ్లు అక్కడే గడిపినా అతను క్యాంపులో బంకు మంచం మీద ‘బ్యాచిలర్’. భార్య ఇక్కడ బీడీలు చుడుతుంది, పిల్లలు ఇక్కడి బడికే పోతారు. దోహాలోని క్రీడాశిక్షణ సంస్థ ఆస్పైర్ అకాడమీలో జగిత్యాల పిల్లవాడు పరుగెత్తకపోవడానికి కారణం కాళ్లలో బలం లేకపోవడం కాదు.

2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడలు జరిగాయి. కోనేరు హంపి చదరంగంలో స్వర్ణం గెలిచింది. సానియా మీర్జా, పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చింది. తెలుగు పేపర్లు మొదటి పేజీకెక్కించాల్సిన విజయాలే. మూడు వందల మీటర్ల ఆస్పైర్ టవర్ ఆ క్రీడలకు జ్యోతిస్తంభం అయింది. అలాంటి కట్టడాలు లేపడానికి చెమటోడ్చినవాళ్ల ఫొటోలు మాత్రం పేపర్లో రావు, ఫోన్లలో ఉంటాయి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏ ఊళ్లో అడిగినా ఎవరో ఒకరు తీసి చూపిస్తారు: నీలం కవరాల్, పసుపు హెల్మెట్, నడుముకు బైండింగ్ వైరు చుట్ట, వెనక ఇంకా పైకప్పు పడని స్టేడియం. ఏ స్తంభానికి ఎంత ఇనుము పోయిందో నోటి లెక్క చెబుతారు. లోపల కూర్చుని ఆట చూశావా అంటే నవ్వుతారు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఆగినప్పుడు ఒకప్పుడు భివండి బస్సెక్కేవాళ్లు, ఇప్పుడు గల్ఫ్ విమానమూ ఎక్కుతున్నారు.

2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ జరిగినప్పుడు గ్యాలరీలు ఖాళీగా ఉంటే వలస కార్మికులను బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టారని వార్తలొచ్చాయి. ప్రేక్షకుడి కొరతకూ వాళ్లే పూడిక! 2021లో గార్డియన్ పత్రిక బయటపెట్టిన లెక్క మరీ చేదు: పదేళ్లలో భారత్ సహా ఐదు దక్షిణాసియా దేశాల కార్మికులు 6,500 మందికి పైగా ఖతార్‌లో చనిపోయారు. అందరూ స్టేడియం పనుల్లోనే పోలేదు, ఆ తేడా చెప్పి తీరాలి. కానీ అధిక భాగం మరణాలకు రాసిన కారణం ‘సహజ మరణం’. వయసులో ఉన్న మనిషి నిద్రలో పోతే సహజమంటారు, పోస్టుమార్టం ఉండదు, కంపెనీకి పూచీ ఉండదు. ఖతార్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఒత్తిడితో కొన్ని మార్పులు వచ్చిన మాట నిజం. కఫీల్ (స్పాన్సర్ యజమాని) అనుమతి లేకుండా కంపెనీ మారే వీలు, వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా బయటి పనిపై నిషేధం అందులో ముఖ్యమైనవి.

మన పక్క జిల్లా నిజామాబాద్‌లో ఇంకో దృశ్యం ఉంది. సౌదీలో ఏళ్ల తరబడి సేల్స్ ఉద్యోగం చేసిన ఒక తండ్రి కూతుళ్ల చదువు, ఆటల కోసం ఇంటికి తిరిగొచ్చేశాడు. ఆ కూతుళ్లలో ఒకరు నిఖత్ జరీన్: 2022, 2023లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం. గల్ఫ్ ఇంట్లో ప్రతిభకు కొదవ లేదు, తండ్రి ఇంట్లో ఉండే వెసులుబాటుకే కొదవ.

2030 ఆసియా క్రీడలు మళ్లీ దోహాకే దక్కాయి. అదే ఏడు కామన్వెల్త్ క్రీడలు మన అహ్మదాబాద్‌లో. 2010 ఢిల్లీ క్రీడల నిర్మాణాల్లో కనీస వేతనాలు ఎగ్గొట్టారని, భద్రత లేదని హైకోర్టు వేసిన కమిటీయే తేల్చింది. కాబట్టి ఖతార్‌కు నీతులు చెప్పే హక్కు మనకు పుట్టుకతో రాలేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు ప్రకటించిన ఐదు లక్షల సాయం మంచిదే, అయితే అది పెట్టె శంషాబాద్‌లో దిగిన తర్వాతి మాట. ముందు అడగాల్సింది వేరే ఉంది. క్రీడల పనుల మీద ఉన్న ఏ కార్మికుడు చనిపోయినా పోస్టుమార్టం జరగాలి, కారణం రాతపూర్వకంగా ఇంటికి చేరాలి, బకాయి జీతం దానితోపాటే రావాలి. ఈ మూడింటినీ ఢిల్లీ దోహాతో ఒప్పందంలో రాయించుకోవాలి. అంతకంటే ముందు అహ్మదాబాద్ సైట్లలో ఒడిశా, బిహార్ కూలీలకు అమలు చేసి చూపాలి.