వీపుకు తగిలిన పువ్వు

అవధానం చూసినవాళ్లకు పుష్పగణనం గుర్తుండే ఉంటుంది. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి నడుస్తుండగానే వెనక నుంచి ఒకరు అవధాని వీపుమీద పూలు వేస్తుంటారు. ఆయన పద్యం తప్పకూడదు, పూల లెక్కా తప్పకూడదు. నడుమ అప్రస్తుత ప్రసంగం అల్లరి సరేసరి.

ప్రొద్దుటూరు ఈ విద్యను నెత్తిన పెట్టుకున్న ఊరు. జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేశారు. ఆ తరవాత సి.వి. సుబ్బన్న శతావధాని ఆ పేరు నిలబెట్టారు.

వాళ్ల ప్రతిభ సంగతి పక్కనపెట్టి, ఆ పువ్వు సంగతే చూద్దాం. అది తాకగానే చర్మంలో ఉన్న నాడి కొస మేలుకుంటుంది. సోడియం అయాన్లు లోపలికి దూసుకొచ్చి సన్నటి విద్యుత్ అల లేస్తుంది. ఆక్సాన్ అనే పొడవాటి పోగు వెంట ఆ అల వెన్నుపాముకు, అక్కణ్ణుంచి మెదడుకు పరుగెడుతుంది. కరెంటు తీగకు ఉన్నట్టే పోగు చుట్టూ మయలిన్ తొడుగు ఉంటుంది. దాని చలవతో సెకనుకు పదుల మీటర్ల వేగం.

దారిలో ఒక నాడీకణం ఇంకో నాడీకణాన్ని ముట్టుకోదు. రెండింటి మధ్యా మిల్లీమీటరులో 50 వేలవ వంతు ఎడం. అక్కడ విద్యుత్తు ఆగిపోతే, రసాయనాలు కబురందుకుని అవతలి కణం కొమ్మలైన డెండ్రైట్లకు చేరవేస్తాయి.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయట. వాటిలో ఏ ఒక్కదానికీ పద్యం రాదు. వల్లె వేసేకొద్దీ వాటి మధ్య బంధం గట్టిపడుతుంది. పద్యం ఆ బంధంలో ఉంటుంది.

ఎర్ర రక్తకణం 120 రోజులు బతికితే గొప్ప. మెదడులోని నాడీకణాలు చాలామటుకు మనతో పుట్టి మనతోనే ముసలవుతాయి. పొద్దున మాత్ర మింగిందీ లేనిదీ చెప్పలేని జేజి, తన పెళ్లినాటి పాట చరణం పోకుండా పాడుతుంది. పులివెందుల వదిలి ఏళ్లయిన మనిషి బెంగళూరులో చీనీకాయ తొక్క గోటితో గిల్లితే చాలు, తోట, మోటరు చప్పుడు, నాయన కేక అన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. వాసన మోసే నాడులకు జ్ఞాపకాల దగ్గరికి అడ్డదారి తెలుసు.

శతావధాని మతిలో నిలుపుకునేది నూరుమంది అడిగినదాన్ని. మనకు మిగిలేవీ చాలావరకు అట్లాంటివే: ఎవరో అడిగినవి, పదేపదే చెప్పించుకున్నవి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన కథే మళ్లీ మొదలుపెడితే, తెలిసిందేలే అనకుండా ఊఁ కొడదాం. చెప్పేకొద్దీ వాళ్లలో అది నిలుస్తుంది, వినేకొద్దీ మనలోనూ దిగుతుంది.