చంకలో హెడర్, ఊరంతా వెతుకులాట

"పీఎన్‌జీ డాట్ హెచ్ లేదంటోందిరా, ఎక్కడైనా ఉంటే పంపు." మినీ ప్రాజెక్టు రివ్యూకి ముందు రోజు రాత్రి నా టీమ్‌మేట్ పెట్టిన మెసేజ్ ఇది. ఇలాంటి మెసేజ్ మనలో ఎవరికీ కొత్త కాదు. హెడర్ దొరకలేదని కంపైలర్ అనగానే ఆ ఫైల్‌ని ఎక్కడి నుంచో తెచ్చి ఫోల్డర్‌లో పడేస్తాం. ఎర్రర్ పోతే పండగే. ఈ అలవాటు మానేయాలని నేనంటాను. ఎందుకో మా కథ వింటే తెలుస్తుంది.

మాది బొమ్మలో రహస్య మెసేజ్ దాచే చిన్న సీ ప్రోగ్రామ్. నేను ఉబుంటులో లిబ్‌పీఎన్‌జీ వాడి రాశాను, ఏ గొడవా లేకుండా కంపైల్ అయింది. వాడిది ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్. హోమ్‌బ్రూతో లిబ్‌పీఎన్‌జీ ఇన్‌స్టాల్ చేశాడు, అయినా హెడర్ దొరకలేదనే అంటోంది. పాత ఇంటెల్ మ్యాక్ ఉన్న సీనియర్ అన్నని అడిగితే, "నా దాంట్లో వస్తోంది కదరా, నువ్వే ఏదో కెలికుంటావ్" అన్నాడు. దాంతో మావాడు ఏదో పాత ప్రాజెక్టు జిప్‌లోంచి రెండు హెడర్లు పీకి మెయిన్ ఫైల్ పక్కన పెట్టాడు. లింకర్ గొడవని నెట్‌లో దొరికిన ఇంకో లైనుతో గట్టెక్కించాడు. కంపైల్ అయింది!

రన్ చేస్తే ఒక వార్నింగ్: ప్రోగ్రామ్ కట్టింది 1.2 వెర్షన్‌తో, నడుస్తున్నది 1.6తో అని. వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్.

లిబ్‌పీఎన్‌జీ రాసినవాళ్లు మనలాంటివాళ్లని ముందే ఊహించారు. హెడర్‌లో ఉన్న వెర్షన్ నంబర్‌ని మన ప్రోగ్రామే లైబ్రరీకి అందిస్తుంది. అది తన నంబర్‌తో పోల్చుకుని, కుదరకపోతే నల్ ఇచ్చి తప్పుకుంటుంది. ఆ నల్‌ని చెక్ చేయకపోవడం నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ అసలు ఆ పోలికే లేకపోయి ఉంటే? స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డ్ ఎన్నో బైటులో ఉందో కంపైలర్‌కి చెప్పేది హెడరే. లైబ్రరీ ఒక లెక్కలో, మన కోడ్ ఇంకో లెక్కలో ఉంటే, బొమ్మ పాడైనా ఎందుకు పాడైందో ఎవరికీ అంతు చిక్కదు.

అసలు సమస్య చాలా చిన్నది. కంపైలర్ డిస్క్ అంతా గాలించదు. దాని దగ్గర ఫోల్డర్ల లిస్టు ఒకటి ఉంటుంది, ఆ వరసలోనే చూస్తుంది, మొదట దొరికింది తీసుకుంటుంది. ఇంటెల్ మ్యాక్‌లో హోమ్‌బ్రూ హెడర్లు /యూఎస్ఆర్/లోకల్/ఇన్‌క్లూడ్‌లో పడతాయి, యాపిల్ క్లాంగ్ లిస్టులో ఆ చోటు ముందే ఉంది. ఎం సిరీస్‌లో అవి /ఆప్ట్/హోమ్‌బ్రూ కిందికి వెళ్తాయి, అది లిస్టులో లేదు. సీనియర్ అన్న దగ్గర పని చేయడానికీ, వీడి దగ్గర చేయకపోవడానికీ తేడా అంతే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఫైల్ మెషీన్‌లోనే ఉండగా మేం ఇంటర్నెట్ అంతా తిరిగాం. 'దొరకలేదు' అంటే 'నేను చూసిన చోట్ల దొరకలేదు' అని అర్థం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం చదివి, ఆ మూడు ముక్కల ఇంగ్లీష్ కూడా నాకు సరిగా అర్థం కాలేదు.

ఎక్కడ చూశావని కంపైలర్‌నే అడగొచ్చు. ఖాళీ ఫైల్ ఇచ్చి, మైనస్ క్యాపిటల్ ఈ, మైనస్ చిన్న వీ పెడితే లిస్టు మొత్తం ప్రింట్ చేస్తుంది. అలా చూసి, హోమ్‌బ్రూ ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌ని మైనస్ క్యాపిటల్ ఐతో కలిపాం. మళ్లీ అదే వార్నింగ్! ఇక్కడే ఇంకో గంట పోయింది. మైనస్ క్యాపిటల్ హెచ్ పెడితే, ఏ హెడర్ ఎక్కడి నుంచి తీసుకుందో బయటపడింది. నేను ఇన్‌క్లూడ్ లైనులో డబుల్ కోట్స్ వాడాను. అలా రాస్తే ముందు ఆ సోర్స్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే చూస్తుంది. వాడు కాపీ కొట్టి పెట్టిన పాత హెడర్ అక్కడే కూర్చుని, సరైన దాన్ని రానివ్వడం లేదు. రెండు ఫైళ్లూ డిలీట్ చేసి, కోట్స్ తీసి యాంగిల్ బ్రాకెట్లు పెట్టాం. నడిచింది.

"డెడ్‌లైన్ ముందు ఇవన్నీ ఎవడు చూస్తాడ్రా" అంటారు. మేం చూసింది కూడా డెడ్‌లైన్ ముందే, కాపీ వల్ల పోయిన టైమే ఎక్కువ. కోడింగ్ కాంటెస్టుల్లో అందరం వాడే బిట్స్ స్లాష్ ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ సంగతీ ఇంతే. అది గ్నూ లైబ్రరీ సొంత ఫైల్, మ్యాక్‌లో క్లాంగ్‌తో వచ్చే లైబ్రరీలో ఉండదు. కాపీ తెస్తే, లోపలున్న సీఎస్‌టీడీఅలైన్ దొరకలేదని ఇంకో ఎర్రర్. దాన్ని కామెంట్ చేసేకంటే కావలసిన నాలుగు హెడర్లు టైప్ చేయడమే తేలిక.

అన్నీ పాత్ గొడవలే అని కూడా అనను. కోనియో డాట్ హెచ్ లినక్స్‌లో అసలు లేదు, మైనస్ ఐ ఎన్నిసార్లు పెట్టినా రాదు, కోడే మార్చాలి. మాలక్ డాట్ హెచ్ మ్యాక్‌లో వేరే సబ్‌ఫోల్డర్‌లో ఉంటుంది, కానీ మాలక్ కోసం ఎస్‌టీడీలిబ్ ఉండగా అది మనకెందుకు? అందుకే ముందు లిస్టు చూడమంటున్నాను: ఫైల్ లేదా, లేక వెతికే చోటు తప్పా అన్నది తేలుతుంది.

ఫస్టియర్ సీ ల్యాబ్‌లో ఇన్‌క్లూడ్ లైను గురించి నాకు చెప్పింది ఒక్కటే: "అది అలా రాసేయండి." ఒకే ప్రోగ్రామ్‌ని రెండు ఓఎస్‌లలో కంపైల్ చేసి, రెండు లిస్టులూ రికార్డులో రాసే ఎక్స్‌పెరిమెంట్ ఒకటి పెడితే బాగుండు. ఎలాగూ రికార్డు రాయడం తప్పదు, పనికొచ్చేది రాస్తాం కదా.

మా రిపోలోని రీడ్‌మీలో ఇప్పుడు పీకేజీ-కాన్ఫిగ్ వాడే లైను ఒకటి పెట్టాం, ఏ మెషీన్‌లో పాత్ ఏదో అదే చెప్తుంది. ఎం సిరీస్ మ్యాక్ ఉన్న జూనియర్లు ఎవరైనా ట్రై చేసి, రాకపోతే మెసేజ్ పెట్టండి. హెడర్ మాత్రం పంపమని అడగొద్దు.