కుర్రకారూ, కురువృద్ధులూ

ఒక సాఫ్ట్‌వేర్ టీములో పాతికేళ్ళవాళ్ళు ఎంతమంది ఉండాలి, నలభై దాటినవాళ్ళు ఎంతమంది ఉండాలి? మన వృత్తిలో ఈ ప్రశ్న పైకి ఎవరూ అడగరు. కానీ మనుషుల్ని తీసుకునేటప్పుడూ, తీసేసేటప్పుడూ మేనేజర్ల మనసులో మెదిలేది ఇదే. ఫుట్‌బాల్ వాళ్ళకి ఆ మొహమాటం లేదు. అక్కడ ఆటగాడి వయసు పేరు పక్కనే అచ్చేసి ఉంటుంది. పైగా లెక్క తప్పితే ఆ ఫలితం వారం తిరిగేలోపు పాయింట్ల పట్టికలో కనిపిస్తుంది. అందుకని ఈసారి కంప్యూటర్లని కాసేపు పక్కన పెట్టి బంతి సంగతి చెప్పుకుందాం.

నేనుండేది సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో. మా పేటలో వెస్ట్ అవెన్యూ 5 మీద బుకిట్ గోంబాక్ స్టేడియం ఉంది. 2012 సీజన్ అయ్యాక ఎస్.లీగ్ నుంచి తప్పుకున్న గోంబాక్ యునైటెడ్ క్లబ్బుకి ఒకప్పుడు అదే సొంత మైదానం. ఇక్కడ కాపురముండే మనవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. క్రికెట్ స్కోరు తప్ప ఇంకో ఆట మన చెవికెక్కదు కదా!

సింగపూర్ చిన్న దేశం. ఆటగాళ్ళు తక్కువ. దానికి తోడు 18 ఏళ్ళు వచ్చిన మగపిల్లలు రెండేళ్ళపాటు జాతీయ సేవ చెయ్యాలి. పర్మనెంట్ రెసిడెంట్ల కొడుకులకీ ఇది తప్పదని మగపిల్లలున్న మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆట పదునెక్కే వయసులో కుర్రవాడు యూనిఫాం వేసుకుంటాడన్నమాట. అందువల్ల ఉన్న కొద్దిమంది కుర్రవాళ్ళనీ పెద్దవాళ్ళనీ ఎలా కలపాలన్నది ఇక్కడి ఫుట్‌బాల్ సంఘానికి తెగని సమస్య. మూడు రకాల మందులు వేసి చూసింది.

మొదటిది 2003లో. దాదాపు అంతా కుర్రవాళ్ళే ఉండే యంగ్ లయన్స్ అనే జట్టుని లీగ్‌లోకి దింపారు. పిల్లలకి పెద్ద మ్యాచ్‌లు దొరికాయి, నిజమే. కానీ చాలా సీజన్లలో ఆ జట్టు అట్టడుగున మిగిలింది. ఎనభయ్యో నిమిషంలో ఒక గోలు ఆధిక్యంలో ఉంటే బంతిని ఎలా దాచుకోవాలో పక్కనుండి చెప్పడానికి పెద్దవాడంటూ ఒకడుండాలిగా!

రెండో మందు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అలెగ్జాండర్ జురిచ్ అని బోస్నియాలో పుట్టిన ఆటగాడు 37 ఏళ్ళ వయసులో, 2007లో, సింగపూర్ జాతీయ జట్టుకి మొదటిసారి ఆడాడు. 2014లో, 44 ఏళ్ళకి గానీ ఆట మానలేదు. అటువంటి మనిషి రిటైరైన కొద్దికాలానికే, 2015 సీజన్ కోసం, ఒక్కో క్లబ్బులో 30 దాటినవాళ్ళ సంఖ్యకి పరిమితి పెడతామన్నారు. ఆటగాళ్ళూ అభిమానులూ గోల పెట్టేసరికి ఆ నిబంధనని వెనక్కి తీసుకున్నారు.

మూడోది 2018లో. మ్యాచ్ మొదలుపెట్టే పదకొండుమందిలో 23 ఏళ్ళ లోపువాళ్ళు ముగ్గురుండాలన్నారు. మూడింటిలోకీ నాకు నచ్చింది ఇదే, ఎందుకంటే ఇక్కడ కనీసం కుర్రవాడూ పెద్దవాడూ ఒకే గడ్డి మీద ఉంటారు. కానీ కోటా కుర్రవాణ్ణి మైదానంలోకి పంపగలదు, అంతే. అతనికి బంతి ఇవ్వాల్సిందీ, పొరపాటు చేస్తే వెనక కాపు కాయాల్సిందీ పక్కవాడు. అది ఏ నిబంధనా చేయించలేదు.

ఈ రెండోభాగం ఎలా ఉంటుందో మన హైదరాబాద్ చూపించింది. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించింది. ఆ సీజన్లో లీగ్ మొత్తం మీద అత్యధికంగా 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచేకి 37 ఏళ్ళు. ఎడమవైపు డిఫెన్సులో పరుగెత్తిన ఆకాశ్ మిశ్రాకి 20. ఫైనల్లో మూడు పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ కట్టిమణికి 32. వీళ్ళ వయసులు కూడి సగటు కడితే ఏమీ తెలియదు. ఎవరి పక్కన ఎవరు ఆడారన్నది చూడాలి. కోచ్ మనోలో మార్కెజ్ గొప్పతనమంతా అక్కడే ఉంది.

తర్వాత ఏమైంది? క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో పడింది, జీతాలు ఆగాయి, అనుభవజ్ఞులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో ఎక్కువగా కుర్రవాళ్ళతోనే నెట్టుకొచ్చిన ఆ జట్టు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి అందరికంటే కింద నిలిచింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. ఆ కుర్రవాళ్ళలో ప్రతిభ లేదని నేననను. వాళ్ళని నిలబెట్టేవాళ్ళు లేకుండా పోయారు.

ఇక మన సంగతికొద్దాం. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో ఖర్చు తగ్గించాలని నలుగురు సీనియర్లని ఒకేసారి పంపేశారు. డాక్యుమెంట్లన్నీ భద్రంగా ఉన్నాయి. రాత్రి నడిచే బ్యాచ్ జాబులో ఒకచోట 90 సెకన్లు ఊరికే ఆగే కోడ్ ఉంటే, దండగని కొత్త కుర్రాడు తీసేశాడు. అవతలి సిస్టమ్ ఖాతాలు మూసే దాకా ఆగడానికి పెట్టిందది. ఆ ముక్క ఏ డాక్యుమెంటులోనూ లేదు. నెలాఖరు లెక్కలు తేలడానికి మూడు రోజులు పట్టింది. పాపం ఆ కుర్రాడి తప్పేముంది?

సింగపూర్‌లో నలభై దాటిన మనవాళ్ళ మీద ఇంకో బరువు కూడా ఉంది. 2025 జనవరి నుంచి కొత్త ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి కనీస జీతం 5,600 డాలర్లు చేశారు. వయసుతోపాటు అది పెరుగుతూ 45 ఏళ్ళకి 10,700 డాలర్లవుతుంది. ఆర్థిక సంస్థల్లో ఇంకా ఎక్కువ. అంటే పెద్దవాడు తన ఖరీదుకి తగ్గ కారణం చూపించుకోవాలి. అటుపక్క, చిన్న చిన్న కోడింగు పనులు కృత్రిమ మేధ చేసేస్తుంటే కొత్తవాళ్ళెందుకని అడిగే మేనేజర్లు తయారయ్యారు. ఒకళ్ళు పెద్దల్ని తీసేద్దామంటారు, ఇంకొకళ్ళు పిల్లల్ని తీసుకోవద్దంటారు. ఇద్దరి మాటా వింటే పదేళ్ళ తర్వాత టీములో మిగిలేదెవరు? ఇవాళ పాతికేళ్ళవాణ్ణి తీసుకోకపోతే రేపు ముప్ఫై అయిదేళ్ళ అనుభవజ్ఞుడు ఆకాశం నుంచి ఊడిపడడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నిష్పత్తుల గొడవ మానేసి, జంటలు కట్టండి. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే పెద్దవాడొక్కడే లేవకూడదు, కుర్రాడితో కలిసి చూడాలి. కీబోర్డు కుర్రాడి చేతిలో ఉండాలి. పెద్దవాడి అప్రైజల్‌లో, అతను లేనప్పుడు ఆ పని చెయ్యగలిగేవాళ్ళు ఎందరు తయారయ్యారో రాయాలి. "అన్నీ చెప్పేస్తే నా ఉద్యోగం ఏమవుతుంది?" అని సీనియర్లు అడుగుతారు. న్యాయమైన భయమే. నేర్పినవాణ్ణే ముందు పంపించే సంస్థలో ఎవరూ నేర్పరు. కాబట్టి నేర్పినవాడికి భద్రత ఇవ్వడం యాజమాన్యం వంతు.

మనలో చాలామంది ఇప్పుడు మనుషుల్ని తీసుకునే కుర్చీల్లోనే ఉన్నాం. ఈసారి బడ్జెట్ కాగితం ముందుకొచ్చినప్పుడు వయసుల పట్టీ చూడకండి. ఎవరు ఎవరికి బంతి అందిస్తున్నారో చూడండి.