రేడియో గరగరలో భూకంపం వినిపిస్తుందా?

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర వేళ ములుగు అడవుల్లో భూమి కదిలితే, విజయవాడ, జగ్గయ్యపేటల్లో జనం ఇళ్ళు విడిచి వీధిలోకి వచ్చారు. తీవ్రత 5.3. అలాంటప్పుడల్లా ఒకటే ప్రశ్న: ముందుగా తెలుసుకునే మార్గం లేదా? భూమిలో పుట్టే విద్యుదయస్కాంత తరంగాలను శబ్దంగా మార్చి వింటే భూకంపాన్ని పసిగట్టవచ్చునని కొందరంటారు.

ఇందులో మంత్రమేమీ లేదు. ఎక్కడో పిడుగు పడితే ఇంట్లో ట్రాన్సిస్టరు గరగరమనడం మనకు అనుభవమే. చెవికి అందని తరంగాన్ని రేడియో చెవికి అందిస్తుంది. ఒత్తిడికి గురైన రాళ్ళలో విద్యుత్తు పుడుతుందని ప్రయోగశాలల్లో తేలింది. మరీ నెమ్మదైన తరంగాలనైతే రికార్డు చేసి, వేగం పెంచి వింటారు.

1989 అక్టోబరు 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. దానికి సుమారు మూడు గంటల ముందు అక్కడి పరికరంలో అయస్కాంత సంకేతాలు బాగా పెరిగాయని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఎందరికో ఆశ కలిగింది. కాని 2009లో ఇతర శాస్త్రజ్ఞులు ఆ రికార్డులను తిరిగి పరీక్షించి, అది పరికరం లోపమే కావచ్చునన్నారు. 2004లో అదే రాష్ట్రంలోని పార్క్‌ఫీల్డ్‌లో పరికరాలు కాచుకుని ఉండగానే భూకంపం వచ్చింది. ముందస్తు సంకేతమేదీ స్పష్టంగా దొరకలేదు.

మన డెల్టాలో చిక్కు ఇంకా ఎక్కువ. పొలాల్లో మోటార్లు, కరెంటు తీగలు, రైలు లైన్లు, పైన మెరుపులు. ఇన్ని చప్పుళ్ళలో భూమి గొంతును పోల్చుకునేదెలా?

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరచిపోలేదు. తుపాను సముద్రం మీద కనిపిస్తుంది, దాని దారిని లెక్కకట్టవచ్చు. భూకంపం రోజునూ గంటనూ చెప్పగలవారు ఇంతవరకు లేరు. చెబుతామనే వారి మాట నమ్మి రాత్రంతా ఆరుబయట జాగారం చేయనవసరం లేదు.

పరిశోధన వద్దని కాదు. కళాశాల విద్యార్థులు తీగ కట్టి ఈ శబ్దాలు వింటే మంచిదే. అయితే ప్రాణాలను దానికి ఒప్పగించరాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో వేలమందిని బలిగొన్నవి రాతి, మట్టి గోడలే. 2002 నాటి భూకంప పటంలో విజయవాడను మూడో మండలంలో చేర్చారు. కాబట్టి ఇల్లు కట్టేవారు లింటల్ ఎత్తున గోడల చుట్టూ ఇనుప కడ్డీలతో కాంక్రీటు బెల్టు వేయమని తాపీమేస్త్రిని అడగాలి. పాత బడి గోడలను ఇంజనీర్లచేత పరీక్ష చేయించడానికి అధికారులు వెంటనే పూనుకోవాలి. భూమి ముందుగా చెప్పినా చెప్పకపోయినా, గట్టి గోడ పిల్లలను కాపాడుతుంది.